బొమ్మకు వెలుగు

అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక అనే ఊరు ఉంది. ఆ ఊరి పేరు చెప్పగానే లక్క బొమ్మలు గుర్తుకొస్తాయి. అంకుడు కర్రను లేతు మిషను మీద తిప్పుతారు. ఉలితో గుండ్రంగా చెక్కుతారు. తిరుగుతున్న కర్రకు రంగు కలిపిన లక్క కడ్డీని ఒత్తి పట్టుకుంటారు. రాపిడికి వేడి పుడుతుంది. ఆ వేడికి లక్క కరిగి కర్రకు అంటుకుంటుంది. పసుపు నుంచి పసుపురంగు, జాఫ్రా గింజల నుంచి నారింజ కలిసిన ఎరుపు, నీలిమందు నుంచి నీలం. కుంకుమ భరిణెలు, బొంగరాలు, ఆడపిల్లలు ఆడుకునే లక్కపిడతలు అన్నీ ఇలాగే తయారవుతాయి.

2017లో ఈ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంటే ఇంకెక్కడో చేసిన సరుకును ఏటికొప్పాక బొమ్మ అని చెప్పి అమ్మకూడదు. 2025లో గణతంత్ర దినం నాడు ఢిల్లీలో మన రాష్ట్రం శకటం మీద ఊరేగినవి ఈ బొమ్మలే.

పేరు ఢిల్లీ దాకా పోయింది. అయినా సరుకు అమ్ముకోవడం మాత్రం ప్రతి ఇంట్లో ప్రతిరోజూ ఉండే బాధే. ఇప్పుడు కొనేవాళ్ళు చాలామంది ఊరికి రారు. ఫోనులో ఫొటో చూస్తారు. నచ్చితే కబురు చేస్తారు. వాళ్ళ చేతికి భరిణె అందదు, ఫొటో ఒక్కటే అందుతుంది. అందుకని ఫొటో తియ్యడం కూడా బొమ్మ చేసే పనిలో ఒక భాగం అయిపోయింది.

పార్సిలు వాపసు వచ్చింది

ఆ ఊళ్ళో ఒక ఇల్లు ఉందనుకుందాం. మామ లేతు మీద పని చేస్తాడు. అత్త, కోడలు మూతలు సరిచూడడం, అతుకులు వెయ్యడం, తుడవడం, పార్సిలు కట్టడం చూస్తారు. అత్త పెద్దయ్యాక అక్షరాలు నేర్చుకుంది. కోడలు పది చదివింది. ఫోను కోడలి చేతిలో ఉంటుంది.

ఊరికి వచ్చే దళారి భరిణెకు 70 రూపాయలు ఇస్తాడు. కోడలు ఒక రాత్రి భరిణె ఫొటో తీసి పట్నంలోని ఒక షాపుకు పంపింది. షాపువాళ్ళు 120 రూపాయల చొప్పున 40 భరిణెలు అడిగారు. ఇంటిల్లిపాదీ సంతోషపడ్డారు. రాత్రింబవళ్ళు పని చేశారు. పార్సిలు పంపారు.

పది రోజులకు 26 భరిణెలు వాపసు వచ్చాయి. 'ఫొటోలో ముదురు నారింజ రంగు ఉంది. మీరు పసుపురంగు పంపారు' అని చీటీ పెట్టారు. రానుపోను కొరియరు ఖర్చు కూడా వీళ్ళ నెత్తినే పడింది.

వాపసు వచ్చిన సరుకు ఖరీదు ఎంతో లెక్క కట్టండి. 26 భరిణెలు, ఒక్కోటి 120 రూపాయలు. మొత్తం 3,120 రూపాయలు. ఆ ఇంటికి అది చిన్న సొమ్ము కాదు.

"నాకేం తెలీదత్తా, ఉన్నదాన్నే తీశాను" అంది కోడలు.

అత్త కోప్పడలేదు. "ఆ ఫొటో ఒకసారి చూపించు" అంది.

ఫొటోలో ఏముంది?

అత్త ఫోను చేతిలోకి తీసుకుంది. వాపసు వచ్చిన భరిణెను ఫోను పక్కన పెట్టింది. రెండింటినీ మార్చి మార్చి చూసింది. ఫొటోలో భరిణె నారింజ రంగులో ఉంది. మూత మీద తెల్లగా చుక్క ఒకటి మెరుస్తోంది. ఆ చుక్క దగ్గర పువ్వు గీత కనబడడమే లేదు. వెనక గోడ కూడా పచ్చగా ఉంది. ఆ ఇంటి గోడకు వేసింది తెల్ల సున్నం.

"ఏటే అమ్మాయ్, మన గోడ ఎప్పుడు పచ్చబడింది?" అంది అత్త.

కోడలు నవ్వింది. వెంటనే ఆలోచనలో పడింది. గోడ రంగే మారిందంటే భరిణె రంగు మాత్రం ఎలా నిలుస్తుంది? ఆ రాత్రి ఫొటో తీసింది పాతరకం పచ్చ బల్బు కింద. పైగా ఫోనుకు ఉన్న ఫ్లాష్ దీపం కూడా వెలిగింది.

అత్త భరిణెను పట్టుకుని వాకిట్లోకి వచ్చింది. పగటి వెలుగులో చూసింది. మళ్ళీ లోపలికి వెళ్ళి బల్బు కింద చూసింది. భరిణె ఒకటే. వెలుగు మారితే రంగు మారుతోంది.

చీర కొనేటప్పుడు మనం ఏం చేస్తాం? కొట్టు లోపల దీపాల కింద చూసి ఊరుకోం. "ఒకసారి బయటికి తీసుకెళ్ళి చూస్తాం" అంటాం. చీర అంచు పట్టుకుని గుమ్మం దాకా వస్తాం. ఆ తెలివి ఆడవాళ్ళకు ఎవరూ నేర్పలేదు. ఫొటోకు కూడా ఆ తెలివే కావాలి.

మన కన్ను సర్దుకుంటుంది. పచ్చ దీపం కింద తెల్లచీర కట్టుకున్నా, అది తెల్లచీరే అని కన్నుకు తెలుసు. ఫోను కెమెరా కూడా సర్దుకోవాలని చూస్తుంది. కానీ ఒక పక్క బల్బు, ఇంకో పక్క పగటి వెలుగు కలిసి పడితే దాని లెక్క తప్పుతుంది. బొమ్మ ఒక పక్క పచ్చగా, ఇంకో పక్క నీలంగా వస్తుంది. కాబట్టి ఫొటోకు ఒక్క రకం వెలుగే ఉండాలి. పగలు తీస్తే ఇంట్లో దీపాలన్నీ ఆర్పెయ్యాలి.

లక్క అద్దం లాంటిది

మరి ఆ తెల్ల చుక్క సంగతేమిటి? అది ఫ్లాష్ దీపం బొమ్మే. నున్నగా మెరిసే లక్క సగం అద్దం లాంటిది. ఎదురుగా ఏముంటే దాన్ని చూపిస్తుంది. ఎదుట చిన్న దీపం ఉంటే, లక్క మీద చిన్న తెల్ల చుక్క పడుతుంది. చుక్క ఉన్నచోట రంగు కనబడదు, గీత కనబడదు.

చిన్న దీపం బదులు పెద్ద వెలుగు పెడితే? కిటికీ అంత వెలుగు పెడితే? అప్పుడు లక్క మీద మెరుపు వెడల్పుగా, మెత్తగా పడుతుంది. చుక్కలా గుచ్చుకోదు. భరిణె ఒంపు ఎక్కడ మొదలై ఎక్కడ తిరిగిందో ఆ మెరుపే చెబుతుంది. మెరుపు అసలు లేకుండా చేసినా బాగోదు. మెరుపు లేకపోతే అది లక్క అని కొనేవాళ్ళకు ఎలా తెలుస్తుంది?

అత్తాకోడళ్ళ ఇంట్లో ఉత్తరం వైపు కిటికీ ఒకటి ఉంది. ఉత్తరం కిటికీలో ఎండ సూటిగా పడడం తక్కువ. వెలుగు చాలాసేపు ఒకే తీరుగా ఉంటుంది. ఫొటోకు అది మంచిది. అలాంటి కిటికీ లేనివాళ్ళు దిగులు పడనక్కర్లేదు. ఎండ పడే కిటికీకి పాత తెల్ల పంచె ఒకటి అడ్డంగా కడితే సరి. ఎండ ఆ గుడ్డ మీద పడి, గుడ్డ మొత్తం వెలుగుతుంది. అప్పుడు గుడ్డ ఎంత ఉందో దీపం అంత ఉన్నట్టు లెక్క. గుడ్డ తెల్లదే కావాలి. పూల దుప్పటి కడితే ఆ పూల రంగు బొమ్మ మీదికి వస్తుంది.

బల్లను కిటికీ పక్కన వేసుకోవాలి. కిటికీ బొమ్మకు ఎడమ పక్కనో, కుడి పక్కనో ఉండాలి. ఫొటో తీసేవాళ్ళ వీపు వెనక కిటికీ ఉంటే వాళ్ళ నీడే బొమ్మ మీద పడుతుంది. బొమ్మ వెనక కిటికీ ఉంటే బొమ్మ నల్లబడిపోతుంది. బల్లను కిటికీకి ఎంత దగ్గరగా జరిపితే వెలుగు అంత మెత్తగా ఉంటుంది. దూరం జరిపే కొద్దీ నీడలు గట్టిపడతాయి.

ఎండలో పెట్టి తీస్తే సులువు కదా అని కొందరు అంటారు. నడి మధ్యాహ్నం ఎండలో పెడితే నీడలు నల్లగా, మెరుపులు తెల్లగా వస్తాయి. ఇంకో నష్టం కూడా ఉంది. పసుపు రాసిన బట్ట ఎండలో ఆరేస్తే వెలిసిపోతుందని మనకు తెలుసు. పసుపుతో చేసిన లక్క రంగుకూ ఆ భయం ఉంది. లక్క వేడికి మెత్తబడుతుంది కూడా. సరుకును ఎండలో వదిలెయ్యకూడదు.

ఆ పక్క చీకటి పోవాలంటే

కోడలు కిటికీ దగ్గర భరిణె పెట్టి ఫొటో తీసింది. రంగు సరిగ్గా వచ్చింది. కానీ కిటికీ వైపు సగం వెలుగుగా ఉంది, అవతల సగం చీకటిగా ఉంది.

"అటుపక్క తెల్లనిది ఏదైనా పెట్టు. గోడకు సున్నం వేస్తే గదికి వెలుగొస్తుంది కదా" అంది అత్త.

టీవీ కొన్నప్పుడు పెట్టెలో వచ్చిన తెల్ల థర్మోకోలు ముక్క అటక మీద ఉంది. దాన్ని దించి తుడిచారు. కిటికీకి ఎదురుగా, భరిణెకు అవతలి పక్క నిలబెట్టారు. కిటికీలోంచి వచ్చిన వెలుగు థర్మోకోలు మీద పడి తిరిగి భరిణె మీదికి వచ్చింది. చీకటి పక్క కూడా కనబడింది. థర్మోకోలును దగ్గరికి జరిపితే నీడ పలచబడింది. వెనక్కి జరిపితే చిక్కబడింది. నీడ కొద్దిగా ఉండనివ్వాలి. నీడ పూర్తిగా పోతే గుండ్రటి భరిణె బిళ్ళలా కనబడుతుంది. థర్మోకోలు లేకపోతే తెల్ల చార్టు చాలు. పిల్లల నోటుపుస్తకం తెరిచి నిలబెట్టినా చిన్న బొమ్మకు పనికొస్తుంది.

వెనక ఏం పెట్టాలి?

మొదటి ఫొటోలో భరిణె వెనక గోడ, గోడకు మేకు, మేకుకు తువ్వాలు ఉన్నాయి. చూసేవాళ్ళ కన్ను తువ్వాలు మీదికి పోతుంది.

పుస్తకాల కొట్లో దొరికే పెద్ద చార్టు కాగితం ఒకటి తెచ్చారు. దాని పై అంచును గోడకు టేపుతో అంటించారు. కింది భాగాన్ని బల్ల మీదికి పరిచారు. మధ్యలో మడత పెట్టలేదు. జారుడుబల్లలా ఒంపుగా వదిలేశారు. దాని మీద భరిణె పెడితే వెనక గీత గానీ మూల గానీ కనబడవు. మడత పడిందంటే ఆ గీత ఫొటోలో బొమ్మను కోసినట్టు కనబడుతుంది.

చార్టు ఏ రంగు? పసుపు, ఎరుపు భరిణెలకు తెలుపు గానీ లేత బూడిదరంగు గానీ బాగుంటుంది. రంగు వెయ్యని తెల్లటి అంకుడు కర్ర వస్తువుకు తెల్ల చార్టు పెడితే వస్తువు అందులో కలిసిపోతుంది. దానికి బూడిదరంగు మంచిది. ఎర్ర చార్టు, ఆకుపచ్చ చార్టు వద్దు. లక్క అద్దం లాంటిదని చెప్పుకున్నాం కదా. చార్టు రంగు భరిణె అడుగున ప్రతిఫలిస్తుంది.

ఇక్కడ ఒక తమాషా జరిగింది. పసుపు భరిణె మీద ఒక ఎర్రటి చార వచ్చింది. చార్టు తెల్లదే. కిటికీ గుడ్డ తెల్లదే. ఎరుపు ఎక్కడిది? ఇద్దరూ ఎంతసేపో వెతికారు. చివరకు అత్త కనిపెట్టింది. కోడలు కట్టుకున్నది ఎర్రచీర! ఆ చీర లక్కలో కనబడుతోంది. అప్పటినుంచి ఫొటో తీసే రోజు కోడలు చీర మీద తెల్ల తువ్వాలు కప్పుకుంటోంది.

ఫోనును ఎలా పట్టుకోవాలి?

పట్టుకునే ముందు తుడవాలి. ఇది చాలామంది మరిచిపోయే పని. కర్రపొట్టు, నూనె చేతులు, వంటింటి పొగ అన్నీ ఫోను వెనక ఉన్న చిన్న గాజుకన్ను మీద పేరుకుంటాయి. ఫొటో మసకగా వస్తుంది. ఫోను పాడైందనుకుంటారు. మెత్తటి పాత నూలుగుడ్డతో నెమ్మదిగా తుడిస్తే చాలు. రంపపు పొట్టు ఉంటే ముందు ఊదాలి. ఊదకుండా రుద్దితే గాజు మీద గీతలు పడతాయి.

బొమ్మను కూడా తుడవాలి. కంటికి కనబడని వేలిముద్ర ఫొటోలో పెద్దదిగా కనబడుతుంది.

ఇంటి లోపల వెలుగు తక్కువ. వెలుగు తక్కువైతే ఫోను ఎక్కువసేపు కన్ను తెరిచి ఉంచుతుంది. ఆ కాస్తసేపట్లో చెయ్యి కదిలితే ఫొటో చెదిరిపోతుంది. అందుకని చేత్తో పట్టుకోకూడదు. మూడు ఇటుకలు పేర్చి, వాటికి ఫోను ఆనించి నిలబెట్టాలి. జారకుండా ముందు చిన్న బియ్యం సంచి పెట్టుకోవచ్చు. అప్పుడు కూడా బటను నొక్కేటప్పుడు ఫోను అదురుతుంది. ఫోనులో టైమరు అని ఉంటుంది. గడియారం గుర్తు ఉన్నచోట చూడండి. అందులో 3 సెకన్లు పెడితే, నొక్కిన తర్వాత మూడు లెక్కపెట్టేసరికి అదే ఫొటో తీస్తుంది. ఈలోగా చెయ్యి తీసెయ్యొచ్చు.

మరీ దగ్గరికి పోవద్దు. ముఖానికి ఆనించినట్టు ఫోను పెట్టి ఫొటో తీస్తే ముక్కు పెద్దదిగా, చెవులు చిన్నవిగా వస్తాయి. బొమ్మకూ అంతే. ముందు భాగం ఉబ్బుతుంది, వెనక భాగం కుంచించుకుపోతుంది. రెండు మూడు అడుగుల దూరంలో పెట్టుకుని, తెర మీద 2 అని ఉన్న అంకె నొక్కితే బొమ్మ దగ్గరగా కనబడుతుంది. ఆకారం చెడదు. ఫోను ఎత్తు కూడా చూసుకోవాలి. పై నుంచి తీస్తే మూత ఒక్కటే కనబడుతుంది. భరిణె నడుముకన్నా కొంచెం ఎత్తులో పెడితే మూతా పొట్టా రెండూ కనబడతాయి.

తెర మీద బొమ్మ ఉన్నచోట వేలితో ఒకసారి తాకాలి. కెమెరా చూపు అక్కడ నిలుస్తుంది. చాలా ఫోన్లలో తాకినచోట చిన్న సూర్యుడి గుర్తు వస్తుంది. దాన్ని పైకి జరిపితే ఫొటో వెలుగు పెరుగుతుంది. కిందికి జరిపితే తగ్గుతుంది.

ఇది ఎందుకు కావాలంటే, ఏది చార్టో ఏది బొమ్మో కెమెరాకు సరిగ్గా తెలియదు. మొత్తం మీద ఒక మధ్యరకం వెలుగు ఉండాలని చూస్తుంది. చుట్టూ తెల్లచార్టు ఉంటే వెలుగు ఎక్కువైందనుకుని తగ్గించేస్తుంది. తెల్లచార్టు మాసిన గుడ్డలా వస్తుంది. చుట్టూ నల్లగుడ్డ ఉంటే వెలుగు చాలలేదనుకుని పెంచేస్తుంది. బొమ్మ రంగు పాలిపోతుంది. అప్పుడు మనమే ఆ సూర్యుణ్ణి కాస్త పైకో కిందికో జరపాలి.

ఇలా తీసిన ఫొటోను అత్త భరిణె పక్కన పెట్టి చూసింది. రెండూ ఒకటే రంగు.

"ఇదీ మన భరిణె" అంది.

అన్ని చెక్కలూ ఒకటి కావు

ఎన్టీఆర్ జిల్లాలో కొండపల్లి ఉంది. అక్కడి బొమ్మలు తెల్ల పొణికి కర్రతో చేస్తారు. ముక్కలు విడివిడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. పైన రంగులు వేస్తారు. దశావతారాలు, అంబారీ ఏనుగు, పల్లెటూరి ఆడవాళ్ళు అందులో పేరుపడ్డ బొమ్మలు. నీటిరంగు వేసిన బొమ్మ అంతగా మెరవదు. దానికి పక్కనుంచి మెత్తటి వెలుగు చాలు, చీర తువ్వాలుతో కప్పుకునే గొడవ లేదు. ఎనామిల్ రంగు వేసిన బొమ్మ మెరుస్తుంది. దానికి లక్కబొమ్మకు పడ్డ పాట్లన్నీ పడాలి.

తిరుపతి జిల్లాలో మాధవమాల అనే ఊరుంది. అక్కడ చెక్క శిల్పాలు చేస్తారు. దేవుడి విగ్రహం మీద నగలు, మడతలు, వేళ్ళు అన్నీ చెక్కులోనే ఉంటాయి. చెక్కు కనబడాలంటే నీడ కావాలి. పొద్దున పూట ఏటవాలు ఎండలో పొలం చూస్తే నాగటి చాళ్ళు ఒక్కొక్కటీ కనబడతాయి. మధ్యాహ్నం చూస్తే నేల చదునుగా ఉంటుంది. చెక్కుడు పనికి కూడా పొద్దుటి ఎండలాగా ఒక పక్కనుంచి ఏటవాలుగా వెలుగు రావాలి. థర్మోకోలును దూరంగా జరపాలి, అవసరమైతే తీసెయ్యాలి. రంగు వెయ్యని కర్రలో ఉండే నార గీతలు కూడా ఇలాంటి వెలుగులోనే బయటపడతాయి. ఎదురుగా ఫ్లాష్ కొడితే గీతలూ పోతాయి, చెక్కూ పోతుంది. చెక్కిన మనిషి వారం రోజుల కష్టం ఒక్క తళుకులో చదునైపోతుంది.

వాన పట్టినప్పుడు, రాత్రి పూట

వానాకాలం వారం రోజులు ముసురు పడితే ఏం చెయ్యాలి? ముసురు వెలుగు చెడ్డదేమీ కాదు. మబ్బు పట్టిన ఆకాశం పెద్ద తెల్లగుడ్డ లాంటిదే. కొంచెం వెలుగు తగ్గుతుంది, ఇటుకలూ టైమరూ ఉన్నాయి కాబట్టి పరవాలేదు.

రాత్రి పూటే తియ్యాల్సి వస్తే రెండు ఎల్.ఇ.డి. బల్బులు కావాలి. రెండూ ఒకే కంపెనీవి, ఒకే రకం తెల్లటివి కొనాలి. ఒకటి తెలుపు, ఒకటి పచ్చ అయితే మొదటి కథే మళ్ళీ మొదలవుతుంది. బల్బుకూ బొమ్మకూ మధ్య తెల్ల పంచె అడ్డం కట్టాలి. గుడ్డను బల్బుకు తగలనివ్వకూడదు, జానెడు దూరమైనా ఉండాలి. ఒక బల్బు పక్కనుంచి, రెండోది అవతలి పక్క కొంచెం దూరం నుంచి. మరీ చవక బల్బులు కంటికి తెలియకుండా మినుకుమంటాయి. ఫొటోలో అడ్డచారలు పడితే అది ఆ బల్బు తప్పే.

ఖర్చు ఎంతయింది?

ఫొటోలు తీసిపెట్టే స్టూడియోకు పోతే ఒక్కో బొమ్మకు ఇంత అని అడుగుతారు. ఆ డబ్బు తప్పు కాదు, అది వాళ్ళ కష్టం. కానీ వంద రకాల బొమ్మలున్న ఇంటికి అది మోయలేని ఖర్చు. పైగా చెట్ల నుంచీ గింజల నుంచీ తీసిన రంగులు విడత విడతకూ కొద్దిగా మారతాయి. కొత్త విడతకు కొత్త ఫొటో కావాలి. పోయినేడాది ఫొటో పంపి ఈ ఏడాది సరుకు పంపితే పార్సిలు మళ్ళీ వాపసు వస్తుంది.

అత్తాకోడళ్ళ ఖర్చు ఇదీ. చార్టులు రెండు, 30 రూపాయలు. టేపు 20 రూపాయలు. ఎల్.ఇ.డి. బల్బులు రెండు, 200 రూపాయలు. థర్మోకోలు, పంచె, ఇటుకలు, బియ్యం సంచి ఇంట్లోవే. మొత్తం 250 రూపాయలు. ధరలు ఊరూరికీ కొంచెం తేడా ఉంటాయి.

దళారి ఇచ్చే ధరకూ, షాపు నేరుగా ఇచ్చే ధరకూ ఒక్కో భరిణెకు 50 రూపాయల తేడా. అయిదు భరిణెలు నేరుగా అమ్మితే ఆ 250 తిరిగి వచ్చేస్తాయి. పార్సిలు ఖర్చు కూడా కలుపుకుంటే ఇంకో భరిణె.

ఉన్నది ఉన్నట్టు

ఫోనులో ఫొటోకు రంగులద్దే ఏర్పాట్లు చాలా ఉంటాయి. ఒక్క నొక్కుతో పసుపు ఇంకా పసుపు అవుతుంది. ఎరుపు మండిపోతుంది. చూడడానికి బాగుంటుంది. కోడలు ఒకసారి అలా నొక్కి చూపించింది.

"బాగుందత్తా?"

"బాగుందమ్మా. ఈ రంగు ఎవరు వేస్తారు? మీ మామా?"

కోడలు దాన్ని తీసేసింది. చీటీ రాసి పంపించేది ఫోను కాదు, కొన్న మనిషి.

వెలుగు ఒకటే సరిగ్గా ఉంటే చాలదు. ఒకే ఫొటో చూసి భరిణె గుప్పెట్లో పట్టేదో, చేటంత ఉంటుందో ఎవరికీ తెలియదు. అందుకని ఒక ఫొటోలో పక్కన పిల్లల స్కేలు నిలబెట్టాలి. స్కేలు మీద అంకెలు కనబడాలి. ఇంకో ఫొటోలో మూత తీసి పక్కన పెట్టి లోపల చూపించాలి. అడుగు భాగం చూపించాలి. కర్రలో చిన్న నల్లమచ్చ ఉంటే దాన్ని దగ్గరగా తీసి అది కూడా పంపాలి. మచ్చ దాచి అమ్మితే ఆ కొట్టువాడు రెండోసారి అడగడు. ఫొటో పంపేటప్పుడు వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో పలచబడుతుంది. డాక్యుమెంటుగా పంపితే తీసింది తీసినట్టు పోతుంది.

ఫొటో కింద నాలుగు మాటలు రాసి పంపాలి. ఈ పని అత్త తీసుకుంది. ఆమె రాసిన చీటీ ఇదీ:

'కుంకుమ భరిణె. అంకుడు కర్ర. లక్క రంగు, పసుపుతో చేసినది. ఎత్తు 3 అంగుళాలు. వెడల్పు 2 అంగుళాలు. పగటి వెలుగులో తీసిన ఫొటో. దీపం కింద కొంచెం ముదురుగా కనబడుతుంది. నీళ్ళలో నానబెట్టకూడదు. ధర 120 రూపాయలు.'

'దీపం కింద ముదురుగా కనబడుతుంది' అన్న మాట కోడలికి తట్టలేదు. కొన్నవాళ్ళు రాత్రి పూట పార్సిలు విప్పుతారేమో అని అత్తకు తట్టింది. వాపసు వచ్చిన 26 భరిణెలకు కొత్తగా ఫొటోలు తీసి, ఈ చీటీ జతచేసి ఇంకో ఇద్దరికి పంపారు. పసుపురంగే కావాలన్నవాళ్ళు దొరికారు. నెల తిరిగేసరికి మూడు తప్ప అన్నీ పోయాయి.

డబ్బు విషయంలో ఒక మాట. 'మీకు డబ్బు పంపుతున్నాం, మీ పిన్ను నొక్కండి' అని ఎవరైనా అడిగితే నొక్కొద్దు. ఫోనులో మనకు డబ్బు రావడానికి పిన్ను అక్కర్లేదు. మన డబ్బు పోవడానికే పిన్ను కావాలి.

చేసి చూడండి

మీ ఇంట్లో చెక్క వస్తువు ఒకటి తీసుకోండి. కవ్వం, అప్పడాల కర్ర, పీట, ఏదైనా సరే. తుడిచి, పగలు కిటికీ పక్కన బల్ల మీద పెట్టండి. దీపాలు ఆర్పండి.

ముందు ఫ్లాష్ వేసి ఎదురుగా ఒక ఫొటో తియ్యండి. తర్వాత ఫ్లాష్ ఆపి, కిటికీ వెలుగు పక్కనుంచి పడేలా నిలబడి ఒకటి తియ్యండి. మూడోసారి అవతలి పక్క తెల్లకాగితం పట్టుకోమని పక్కింటి అక్కనో, పిల్లలనో అడగండి.

మూడు ఫొటోలూ పక్కపక్కన చూడండి. కర్రలో గీతలు ఎందులో కనబడుతున్నాయి? రంగు ఎందులో సరిగ్గా ఉంది? ఆ వస్తువు పేరు, అది ఏ కర్రతో చేసిందో, దాని పొడవు ఎన్ని అంగుళాలో మీ నోటుపుస్తకంలో రాయండి. పొడవు కొలిచేటప్పుడు స్కేలు చివర ఉన్న ఖాళీని వదిలేసి, సున్నా దగ్గర నుంచి కొలవండి.